సొర నూనె జడలు

డాక్టరు బుర్రకు మంచిదని రాసిన చేపనూనె మాత్రను మా అబ్బాయి మింగకుండా కొరికేశాడు. గది నిండా సముద్రపొడ్డున ఉన్న మా ఊరు డొంకూరు వాసన.

చెక్కల్లోంచి నీరు దిగకుండా నాన్న తెప్పకు సొరచేప నూనె పూసేవాడు. నాలుగో తరగతి పరీక్ష రోజు పొద్దున నాయనమ్మ ఆ నూనెనే చిన్న గిన్నెలో పోసి నా ముందు పెట్టింది. “ఇదుంటే సదివింది బుర్రలో నిలబడతాదే గుంటా” అని, తట్ట ఎత్తుకుని చేపలమ్మడానికి వెళ్లిపోయింది. తెప్పకు పూసినట్టే నాకూ పూయాలనుకున్నాను. ఎక్కాలు కారిపోకుండా తలంతా పట్టించి, రెండు జడలు వేసుకుని, కొబ్బరితోటల అవతల రైతుల ఊళ్లో ఉన్న బడికి వెళ్లాను.

అందరూ ముక్కులు మూసుకున్నారు. మాస్టారు నన్ను వరండాలో కూర్చోబెట్టి పరీక్ష రాయించారు. చేపలమ్ముకుంటూ అటు వచ్చిన నాయనమ్మ నన్ను చూసి, “ఓలమ్మా, తాగమని ఇత్తే తలకి రాసీసుకున్నావేటే!” అని పడీపడీ నవ్వింది.

“మీ నాయనమ్మా?” అని కిటికీలోంచి ఎవరో పిల్ల అడిగింది. నేను గోడవైపు తిరిగాను. నాయనమ్మ నవ్వు ఆగిపోయింది. కాసేపటికి “సేపలో...” అన్న కేక వీధి చివర వినిపించింది.

“ఛీ, కంపు!” అంటున్నాడు మావాడు.

“వాసన రానివి తెస్తాలే” అన్నాను వెంటనే. అనేశాక, నేనింకా ఆ బడి గోడవైపే తిరిగి ఉన్నట్టనిపించింది.