కనకవల్లి ఇంట కన్నీటి పందెం

తిరువొత్తియూరులో సముద్రపు గాలి ఎంత దూరం వీస్తుందో ఎవరూ కొలవలేదు గానీ, కనకవల్లి గొంతు మాత్రం దాన్ని దాటి ఇంకో రెండిళ్ళ అవతలికి వినిపిస్తుంది. గడప ముందే ఆమె బజ్జీల పొయ్యి. వాళ్ళది ముత్తాతల నాడు వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. దేవుడితో తెలుగులోనూ, కూరగాయల బండివాడితో తమిళంలోనూ పోట్లాడతారు. ఆ రెండు పోట్లాటల్లోనూ కనకవల్లి ఓడిపోయిన దాఖలా లేదు.

అంతటి మనిషికి ఒక మెత్తని చోటు ఉంది. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో అత్త చేత పడరాని పాట్లు పడి, పొయ్యి ముందు కూర్చుని తెగ ఏడ్చింది. పొగ వల్లే అనుకున్నారు అంతా. తనకంటూ ఒక కోడలు వస్తే దాని కంట తడి పెట్టించనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఒట్టు పెట్టుకుని ఊరుకుంటే బాగుండేది. వీధిలో ఏ కోడలు ముక్కు చీదినా వెళ్ళి ఆ అత్తను గడప మీదే కడిగేయడం మొదలుపెట్టింది. ఎదురింటి మునియక్కనయితే పదిమందిలో నిలబెట్టి, "కోడలి కన్నీళ్ళు పడిన ఇంట్లో పాలు కూడా పొంగవు, తెలుసునా?" అని అరిచింది. మునియక్క ఆ మాటను మడిచి దాచుకుంది.

కనకవల్లి కోడలు కలైసెల్వి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కంపెనీకి లెక్కలు ఎక్కించే పిల్ల. నవ్వితే వీధి మొగదాకా వినపడుతుంది. కనకవల్లికి ఆ పిల్ల నచ్చడానికి సగం కారణం అదే. కడుపుతో ఉందని తెలిసిన రోజు కనకవల్లి వీధంతా ఉచితంగా బజ్జీలు పంచింది. అలాంటి కోడలు అయిదో నెలలో ఒక సాయంత్రం గడప మీద కూర్చుని పెరుగన్నం తింటుంటే, రెండు కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి.

"ఏమ్మే, ఉప్పు ఎక్కువైందా?" అంది కనకవల్లి.

"లేదత్తా, బాగుండాది. కండ్లలో ఇసక పడినట్ల గరగరమంటా ఉండాది, అంతే."

అంతే కాదని ఎదురింటి కిటికీ తెలియజేసింది. మునియక్క కిటికీ తెరిచి, తృప్తిగా చూసి, మూసుకుంది.

ఆ వారమంతా కలైసెల్వి కళ్ళు కారుతూనే ఉన్నాయి. ఫోన్లో నవ్వుతూ కారాయి, జామకాయ కొరుకుతూ కారాయి. కనకవల్లి తన గొంతే పిల్లను బెదరగొడుతోందేమోనని మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. మొగుడు రంగసామి హడలిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళాం గుసగుసలాడగా వినలేదు ఆయన. జ్వరమేమోనని మాత్ర తెచ్చాడు. కొనేవాళ్ళు కూడా, ఈమె ఇంత మెత్తగా పిలుస్తోందంటే బజ్జీలు నిన్నటివై ఉంటాయని పక్క బండికి పోయారు.

లాభం లేదని కోడలిని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ దీపం వేసి చూసి తేల్చింది: "కళ్ళు ఎండిపోయాయమ్మా. డ్రై ఐస్."

"ఎండిపోవడమేంది తాయీ? మా వీధిలో కుళాయికి కూడా ఇన్ని నీళ్ళు రావే!"

డాక్టరమ్మ నవ్వి, ఓపిగ్గా చెప్పింది. కంటిని తడిగా ఉంచే పొర పలచబడితే కన్ను ఎండి మండుతుంది. ఆ మంటకు కన్ను గాబరాపడి నీళ్ళు కుమ్మరిస్తుంది. ఆ నీళ్ళు నిలవవు, కారిపోతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో జరిగే మార్పులకు కొందరికి ఇలా అవుతుంది, కాన్పయ్యాక చాలామందికి తగ్గుతుంది. ఫ్యాను గాలి మొహాన కొట్టకూడదు, పొగ తగలకూడదు, కంప్యూటర్ చూస్తూ రెప్ప వేయడం మరవకూడదు. సొంత వైద్యాలు వద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు వాడదగిన చుక్కలు రాసిస్తానంది. కనకవల్లి చేతిసంచీలో ఉన్న ఆముదం సీసాను మెల్లగా లోపలికి తోసింది.

చుక్కలను కృత్రిమ కన్నీళ్ళంటారని మందుల షాపులో విన్నప్పుడు మాత్రం ఆగలేకపోయింది. "ఏడ్చేదానికి ఇంకా కన్నీళ్ళు కొనిపిస్తా ఉండారే! నీళ్ళలో మునిగినోడికి బిందె ఇచ్చినట్ల!" అంటూనే కొంది. చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోటి ఒక్కసారికే.

వీధిలో చెబితే ఎవరు నమ్ముతారు? మునియక్క నడిరోడ్డు మీద చేతులు తిప్పింది. "ఎండిపోయిన కండ్లకు నీళ్ళు కారతాయంట! చెప్పేవి శ్రీరంగనీతులు. పావం, ఆ పిల్లను ఏం చేస్తా ఉండాదో లోపల!"

కనకవల్లి కోడలి కళ్ళ కోసం పొయ్యిని గడప ముందు నుంచి వీధి చివరికి మార్చింది. అక్కడి నుంచే, బజ్జీ తిప్పుతూ తిప్పుతూ, గుర్తొచ్చినప్పుడల్లా "కలైసెల్వీ, రెప్ప కొట్టు!" అని కేక వేసేది. ఇంట్లో కలైసెల్వి కొట్టేది. పొయ్యి దగ్గర బజ్జీ తింటున్నవాళ్ళూ కొట్టేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ కేకకు వీధిలో రెప్ప కొట్టని మనిషి లేడు. మునియక్క కూడా కిటికీ వెనక కొట్టేది, ఎవరూ చూడరనుకుని.

కబురు కోడంబాక్కం చేరింది. కలైసెల్వి తల్లి రాసాత్తి సినిమా షూటింగుల్లో బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. ఆటో దిగడమే ఉరుములా దిగింది. కూతురి మొహం పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"గ్లిజరిన్ కన్నీళ్ళు నాకు తెలుసు, నిజం కన్నీళ్ళూ తెలుసు. ఇవి నిజమైనవి! పిల్లను ఈరోజే తీసకపోతా వదినే."

"గ్లిజరిన్ అని ఎవురన్నారు? మందు వేస్తా ఉండాం, తగ్గతా ఉండాది. వళైకాప్పు కాకుండా కడుపుతో ఉండే పిల్లను గడప దాటిస్తే నా పరువేం కావాలి?" అంది కనకవల్లి. ఏడో నెలలో గాజులు తొడిగాక గదా పుట్టింటికి పోవాలి! మునియక్క వింటోందని తెలిసి గొంతు పెంచింది. గొంతు పెరిగితే కనకవల్లికి బుద్ధి తగ్గుతుంది. "గాజులు తొడిగే రోజు పదిమందిలో దీని కంట్లో ఒక్క చుక్క కనపడితే, పిల్లను నీ ఇంట్లోనే పెట్టుకో! కాన్పయినాంక కూడా పంపొద్దు, బిడ్డను కూడా పంపొద్దు!"

"సరి. మాట తప్పకూడదు," అంది రాసాత్తి.

రాసాత్తి పోయాక కనకవల్లి నాలుక కరుచుకుంది. రంగసామి ఆమె వైపు చూసి, ఫ్యానును గోడవైపు తిప్పాడు. ఆ తర్వాత కలైసెల్వికి వేళ తప్పకుండా చుక్కలు పడ్డాయి, కళ్ళలో గరగర తగ్గుతూ వచ్చింది. అయినా కనకవల్లికి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల నవ్వు వినపడని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుని భయపడింది.

ఏడో నెల వచ్చింది. గాజుల రోజున వీధంతా దిగింది. ఎవరూ గాజులు చూడలేదు, కలైసెల్వి కళ్ళే చూశారు. మునియక్క నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి పోసి పొగలు చిమ్మే గిన్నెతో భక్తిగా వచ్చింది. కనకవల్లి గుమ్మంలోనే అడ్డుకుని, గిన్నె లాక్కుని, పొగ తానే పీల్చి, "స్వామికి చేరిపోయింది" అని పెరట్లో పెట్టి వచ్చింది. గంధం పూశారు, గాజులు తొడిగారు, పులిహోర, పెరుగన్నం లాంటి రకరకాల అన్నాలు వడ్డించారు. కలైసెల్వి కళ్ళు తేటగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు. ఓడిపోయినా రాసాత్తికి లోపల సంతోషమే. కూతురు బాగానే ఉందని కళ్ళారా చూసుకుంది మరి.

ఆటో వచ్చింది. కలైసెల్వి ఎక్కి కూర్చుంది, మొహం బిగించుకుని.

"చూస్తిరా?" అంది మునియక్క. "మెట్టినిల్లు వదిలి పోతా ఉండాది, కంట్లో తడి లేదు! రాతి గుండె!"

కలైసెల్వి అత్త చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది. చెవిలో చెప్పింది: "ఏడుపొస్తా ఉండాది అత్తా. పళ్ళు బిగబట్టుకోని ఉండా. ఏడిస్తే ఈడికి తిరిగి రానీరు గదా."

కనకవల్లికి అంతే. కొత్తకోడలిగా పొయ్యి ముందు ఏడ్చిన తర్వాత మళ్ళీ ఏడవని ఆ మనిషి, నడివీధిలో, ఎక్కిళ్ళు పెట్టి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

వీధి నోరు తెరిచింది. ముందుగా తేరుకున్నది మునియక్కే. "అయ్యయ్యో! అత్తను ఏడిపించిన కోడలు! కనకక్కా, ఇంత బాధ ఎట్ల దాచుకోని ఉండావు?"

ఇన్నాళ్ళకు వీధి జాలి మొత్తం కనకవల్లి ఒళ్ళో వచ్చి పడింది. ఊరికే తల ఊపి తీసుకుంటే సరిపోయేది. కనకవల్లి కొంగుతో మొహం తుడుచుకుని గర్జించింది.

"ఏడ్చిందెవురు? నాకు డ్రై ఐస్!"

"ఇంత నీళ్ళు కారతా ఉంటే డ్రై ఏందక్కా?"

"డ్రై అయితేనే కారతాయి! డాక్టరమ్మను అడుగు పో! నా కోడల్ని ఎవురన్నా ఒక మాటంటే, వాళ్ళింటికొచ్చి చెప్తా!"

కలైసెల్వి పొట్ట పట్టుకుని మెల్లగా ఆటో దిగింది. సంచీలోంచి కొత్త గొట్టం తీసి, మూత తుంచి, అత్త గడ్డం పైకెత్తింది. ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసింది. కనకవల్లి చిన్నపిల్లలా నిలబడింది.

"రెప్ప కొట్టు అత్తా," అంది కలైసెల్వి.

కనకవల్లి కొట్టింది. అలవాటు కొద్దీ వీధంతా కొట్టింది.