అక్షరాలున్న చెప్పులు

ఆ రోజుల్లోనే ఈ సంగతి ఎందుకు రాయలేదంటే, నాకు తెలుగు రాయడం రాదు. మాట్లాడటం వచ్చు, అమ్మతో పోట్లాడటానికి సరిపడా వచ్చు. కానీ నేను పుట్టి పెరిగింది ఢిల్లీలో, నాన్నగారి గవర్నమెంటు క్వార్టర్స్‌లో. బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలంటే నాకు వేసవి సెలవుల్లో రైలు విజయవాడ చేరినప్పుడు స్టేషన్ బోర్డు మీద కనిపించే జంతికలూ చక్రాలూ. హిందీలో ఊరి పేరు చదువుకుని, తెలుగులో చూసి ఆకలి తెచ్చుకునేదాన్ని. అలాంటిదాన్ని కాలేజీలో ఒక స్నేహితురాలికి తోడుగా జపనీస్ క్లాసులో చేరి (తను రెండో వారంలోనే మానేసింది), ఆ భాషకున్న మూడు లిపులూ నేర్చుకుని, ఆపైన లైబ్రరీ సైన్స్ చదివి, ఒక యూనివర్సిటీలో జపాన్ విభాగానికి లైబ్రేరియన్‌ని అయిపోయాను. "మా పిల్ల జపాన్ పుస్తకాలన్నీ చదివేస్తుందండీ, దాని పెళ్ళి శుభలేఖ మాత్రం దానికి నేనే చదివి వినిపించాను" అని అమ్మ అందరికీ చెప్పుకునేది, మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియకుండా. యాభై దాటాక, మయూర్ విహార్‌లో మా పై అంతస్తులో అద్దెకున్న సివిల్స్ అమ్మాయి, రోజూ నేను పంపే పెరుగన్నానికి బదులుగా నాచేత అక్షరాలు దిద్దించింది. "ఇంక ఏదైనా రాయండి ఆంటీ, ఆవు గురించి రాసినా పర్లేదు" అంది. ఆవు కన్నా చెప్పులు నయమనిపించింది.

నా లైబ్రరీ అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. మూడో అంతస్తులో వరండా చివర ఒక గది. గోడలనిండా జపాన్ పుస్తకాలు, నేలమీద తివాచీ, మధ్యలో పొడుగాటి బల్ల, వెనకాల ఒక బాత్రూమ్ (అందులో నీళ్ళు రావు, ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి). జపాన్ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది కాబట్టి కొత్త విద్యార్థులు చివరి పేజీ తీసి, "మేడం, ఇందులో ముందుమాట లేదు" అని ఫిర్యాదు చేసేవారు. పుస్తకాలు తెప్పించడం, వాటికి కార్డులు రాయడం, రచయిత పేరుని ఎలా పలకాలో తేల్చడం నా పని. (ఒకే గుర్తుల్ని ఒకాయన ఒకలా పలుకుతాడు, ఇంకొకాయన ఇంకోలా. ఒక్క పేరు తేలడానికి ఒక్కోసారి పూటంతా పట్టేది.) తలుపు మీద జపాన్ అని బోర్డు ఉండటం వల్ల వీసా కోసం వచ్చేవాళ్ళూ ఎక్కువే. ఘాజియాబాద్ నుంచి ఒక పెద్దమనిషి ఫోటోలతో సహా చాలాసార్లు వచ్చాడు. నేను కావాలనే ఇవ్వడం లేదని అనుమానపడి చివరికి కిలో పేడా మిఠాయి తెచ్చాడు. పేడా తిన్నాం. వీసా ఇవ్వలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను కొన్నాళ్ళు శిక్షణకి జపాన్ పంపించారు. అక్కడ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, గదిలోకి వేరే చెప్పులు తొడుక్కుంటారు. అంతటితో ఆగరు. మరుగుదొడ్డికి ఇంకో జత ఉంటుంది. గది చెప్పులు బయట వదిలి, ఆ జత తొడుక్కుని లోపలికి వెళ్ళాలి, వచ్చేటప్పుడు దాన్ని అక్కడే వదిలేసి రావాలి. మరిచిపోయి ఆ చెప్పులతోనే నలుగురి మధ్యకీ వచ్చేస్తే అంతకు మించిన తలవంపు ఆ దేశంలో లేదు. ఇంటివాళ్ళు చూడనట్టు తల పక్కకి తిప్పుకుంటారు. ఎవరూ పొరబడకుండా వాటి మీద పెద్ద అక్షరాలతో 'మరుగుదొడ్డి' అనే అచ్చేస్తారు. ఇదంతా చూసి నాకు మతిపోయింది. నా గదిని కూడా అలాగే నడపాలని తీర్మానించుకుని, ముదురు నీలం రంగు మీద బంగారు అక్షరాలున్న ఆ చెప్పులు అరడజను జతలు కొని పెట్టె నింపుకుని వచ్చాను.

అమ్మ పెట్టె తెరిచి చూసింది. "అందరూ జపాన్ నుంచి కెమెరాలు తెచ్చుకుంటారు. నువ్వు దొడ్డి చెప్పులు తెచ్చుకున్నావా? ఎయిర్‌పోర్టులో వీటికి డ్యూటీ కూడా కట్టమన్నారేమిటే?"

గదిలోకి మాత్రం సరోజినీ నగర్‌లో గోధుమరంగు రెక్సిన్ చెప్పులు బేరమాడి కొన్నాను. వాటి కాపలా బాబాయిది. బాబాయంటే మా అటెండరు. శ్రీకాకుళం వైపు నుంచి ఎవరో ఎంపీగారికి వంట చేసిపెట్టడానికి వచ్చి, ఎంపీగారు ఓడిపోయి వెళ్ళిపోయాక కూడా ఢిల్లీలోనే ఉండిపోయిన మనిషి. గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని "జూతా ఉతారో, లేపోతే కితాబ్ నహీ" అని హెడ్డుల దగ్గర్నుంచి విద్యార్థుల దాకా అందరి చేతా బూట్లు విప్పించేవాడు. ఇక నీలం చెప్పుల సంగతంటారా, బాత్రూమ్‌లో నీళ్ళే రానప్పుడు వాటితో పనేముంది? నమూనాకి ఒక జత లోపల పెట్టి, మిగతావి ప్లాస్టిక్ కవరుతో సహా బీరువాలో దాచాను.

అలా ఉండగా గదికి ముప్పు వచ్చింది. మా డీన్, మేం పెద్దసారు అనేవాళ్ళం, ఆ గదిని ఖాళీ చేయించి పిల్లలకి ఉద్యోగాలు చూపించే ఆఫీసుకి ఇచ్చేద్దామనుకున్నారు. పుస్తకాలు కింద స్టోరులో పెడతారట. నాది కాంట్రాక్టు ఉద్యోగం. గది ఉంటే నేనుంటాను, గది పోతే నేనూ పోతాను. సరిగ్గా అప్పుడే జపాన్ నుంచి ఒక వృద్ధ ప్రొఫెసరుగారు వస్తున్నారని తెలిసింది. జన్మంతా కూడబెట్టిన పుస్తకాలన్నీ ఇండియాలో ఏదో ఒక లైబ్రరీకి ఇచ్చేయాలని ఆయన కోరిక. రెండు మూడు చోట్లు చూసి, తనకి నచ్చిన చోట ఇస్తారట. అవి మాకు వస్తే పెద్దసారు గది జోలికి రాలేరు. ఆ వారమంతా నేను తుడిచిన పుస్తకమే మళ్ళీ తుడిచాను. బాబాయి తివాచీని టెర్రస్ మీద వేసి కసితీరా బాదాడు.

ఆ రోజు నేను అతిథిని తీసుకురావడానికి కిందికి వెళ్ళాను. పిలిచింది పెద్దసారునీ మా హెడ్ మేడంనీ. కానీ సమోసాలున్నాయని ఎలా తెలిసిందో, మిగతా విభాగాల పెద్దలూ, ఫోటోగ్రాఫరూ, ఎకౌంట్స్ చూసే లెక్కల సారూ కూడా వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారట. నేను ప్రొఫెసరుగారితో పైకి వచ్చేసరికి గది నిండిపోయింది. ఆయన గుమ్మంలో బూట్లు విప్పి, వాటి ముక్కులు బయటికి తిరిగి ఉండేలా సర్ది, బాబాయి ఇచ్చిన గోధుమరంగు చెప్పులు తొడుక్కుని, "చాలా బాగుంది" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు బల్ల కిందికి చూశాను. పెద్దసారు కాళ్ళకి, హెడ్ మేడం కాళ్ళకి, ఇంకో ముగ్గురు పెద్దల కాళ్ళకి, బంగారు అక్షరాలు తళతళలాడుతున్నాయి.

బాబాయిని బీరువా వెనక్కి లాగాను. "ఏం చేశావు బాబాయ్? ఆ చెప్పులు ఎందుకు తీశావు?"

"గోధుమరంగుయి సగం సిరిగిపోనాయి కదమ్మా. పెద్దోల కాళ్ళకి అయెలాగిస్తాం? ఇయి కొత్తయి, కవరు కూడా ఇప్పనేదు. పైగా బంగారం అచ్చరాలున్నాయి."

"ఆ అక్షరాలేమిటో నీకు తెలుసా?"

"జపానోలు రాసినారు. మంచి మాటే రాసుంటారు."

చెప్పాను. బాబాయి కాసేపు పెద్దసారు కాళ్ళ వైపు చూసి, "ఇప్పుడు నానెల్లి ఇప్పీమంటే బాగుంటాదేటి?" అన్నాడు. బాగుండదు. కాబట్టి నేనే వెళ్ళాను. (వాళ్ళు మాట్లాడింది హిందీ ఇంగ్లీషు కలగలిపి, తెలుగులో పెడుతున్నాను.)

"సర్, ఆ చెప్పులు మీకు బిగుతుగా ఉన్నట్టున్నాయి, వేరేవి ఇస్తాను."

"ఏం బిగుతు? నా సైజే. చాలా మెత్తగా ఉన్నాయి."

అవతలి నుంచి లెక్కల సారు అందుకున్నారు. "తీసేటట్టయితే నాకివ్వండి. వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, అక్షరాలున్నవి కొందరికే ఇచ్చారు. నాకంటే మేడం జూనియర్."

పెద్దసారు పాదాలు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నారు. హెడ్ మేడం కూడా లాక్కున్నారు. ఆ సర్దుబాటులో అందరి దృష్టీ అక్షరాల మీద పడింది.

"ఇంతకీ వీటి మీద ఏం రాసుంది?" అన్నారు పెద్దసారు.

నేను అతిథి వైపు చూశాను. ఆయన తల పక్కకి తిప్పుకుని కిటికీలోంచి ఆకాశం చూస్తున్నారు. అంటే చదివేశారన్నమాట.

"ఒక చోటు పేరు సర్" అన్నాను.

"ఊరా?"

"ఊరు కాదు సర్. ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది."

"అచ్ఛా. అందరూ వెళ్తారా?"

"రోజూ వెళ్తారు సర్. పెద్దా చిన్నా తేడా లేదు."

"మీరు వెళ్ళారా?"

"జపాన్‌లో ఉన్నన్నాళ్ళూ వెళ్ళాను సర్."

"ఎలా ఉంటుంది?"

"చాలా శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటుంది సర్. ఎప్పుడూ నీళ్ళుంటాయి."

"తీర్థస్థలం అన్నమాట" అని పెద్దసారు లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడితే ప్రసంగమే. రెండు దేశాల స్నేహం గురించి మాట్లాడి, చివర్లో అతిథి వైపు తిరిగి, "ఈ చెప్పులు తొడుక్కున్న దగ్గర్నుంచీ నాకొకటే కోరిక. జపాన్ వచ్చినప్పుడు ఆ చోటికి మీరే నన్ను స్వయంగా తీసుకువెళ్ళాలి" అన్నారు.

ప్రొఫెసరుగారు లేచి నడుం వంచి నమస్కరించారు. "తప్పకుండా. నేను బయట నిలబడి ఎదురుచూస్తాను."

నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. ఆయన బాత్రూమ్ ఎక్కడని అడిగినప్పుడు మిగిలిన కాస్త ఆశా పోయింది. నీళ్ళు రావని చెప్పేలోపే వెళ్ళి తలుపు వేసుకున్నారు. అంతే త్వరగా బయటికి వచ్చారు. ఆయన వదిలి వెళ్ళిన గోధుమరంగు చెప్పులు బాత్రూమ్ గుమ్మం ముందే ఉన్నాయి. వాటిని చూశారు, పక్కనుంచి నడిచారు, మరుగుదొడ్డి చెప్పులతోనే తివాచీ మీదికి వచ్చి, బల్ల దాకా నడిచి, పెద్దసారు పక్కన కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పని చెయ్యకూడదని నేర్చుకున్న మనిషి. "చూశారా, ఆయన కూడా అవే తొడుక్కున్నారు" అన్నారు పెద్దసారు గర్వంగా. లెక్కల సారు అవమానంతో రెండో సమోసా వదిలేశారు.

తర్వాత బీరువాలు చూపిస్తున్నప్పుడు, జపనీస్‌లో, చాలా మెల్లగా, "గాభరా పడకండి" అన్నారాయన. "కుర్రాడిగా ఉన్నప్పుడు నేను ఈ ఊళ్ళోనే హిందీ చదువుకున్నాను. హాస్టల్లో చేరిన రోజు బజారుకెళ్ళి టీ తాగడానికి ఒక ప్లాస్టిక్ మగ్గు కొనుక్కున్నాను. ఎర్రది. పిడి ఉంది. పెద్దది."

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఆ చలికాలమంతా అందరి గదులకీ అది పట్టుకెళ్ళి టీ తాగాను. మా మాస్టారి ఇంటికి కూడా తీసుకెళ్ళాను. వాళ్ళావిడ దాన్నిండా పోశారు. మీరు ఆ మగ్గుతో స్నానం చేస్తారని నాకు వేసవిలో తెలిసింది."

"ఎవరూ చెప్పలేదా?"

"ఒక్కరూ చెప్పలేదు" అన్నారు, ఒక పుస్తకం వీపు నిమురుతూ. "అంత మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు. నా పుస్తకాలు ఈ ఊళ్ళోనే ఉండాలని అప్పుడే అనుకున్నాను. ఏ గదిలో అన్నది ఇవాళ తేలింది."

ఆ మాటే బల్ల దగ్గరికి వచ్చి అందరికీ చెప్పారు. పెద్దసారు అక్కడికక్కడే ఆ ఉద్యోగాల ఆఫీసుని కింద కాంటీన్ పక్కకి పంపేశారు. గ్రూప్ ఫోటో తీయించుకున్నాం. ముందు వరసలో అక్షరాలన్నీ స్పష్టంగా పడ్డాయి. పెద్దసారు ఆ చెప్పులు విప్పలేదు. గుర్తుగా ఉంచుకుంటానని, బూట్లు బాబాయి చేత పట్టించుకుని మూడంతస్తులూ వాటితోనే దిగి కారెక్కారు. తర్వాతెప్పుడో ఫైలు మీద సంతకానికి వాళ్ళింటికి వెళ్తే, డ్రాయింగ్ రూములో పట్టు తివాచీ మీద అవే చెప్పులతో ఎదురొచ్చారు. నేను కిటికీలోంచి ఆకాశం చూశాను.

ప్రొఫెసరుగారు వచ్చిన రోజు సాయంత్రం, బాబాయితో కలిసి బస్సుకి వెళ్తూ దారిలో ఒక ఎర్ర ప్లాస్టిక్ మగ్గు కొన్నాను. ఇది స్నానానిది కాదని తెలియాలి కదా, దీని మీద టీ అని రాయమని బాబాయిని అడిగాను. "జపానోలు ఆల బాసలో రాసుకుంటారు, మనం మన బాసలో రాయొద్దేటి" అని, నల్ల మార్కరు తీసుకుని, నాలుక కొస బయటపెట్టి, మగ్గుని తిప్పుతూ తిప్పుతూ చాలాసేపు రాశాడు. ఏం రాశావంటే "టీ" అన్నాడు. నమ్మాను. నమ్మకేం చేస్తాను, నాకవి జంతికలు. మొన్న పై అంతస్తు అమ్మాయి ట గుణింతం దిద్దించిన రోజున నా చెయ్యి మధ్యలో ఆగిపోయింది. టీ అంటే ఒక్కటే అక్షరం. బాబాయి ఆ మగ్గు చుట్టూ పిడి దగ్గర్నుంచి పిడి దాకా రాశాడు. అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేడు. మగ్గు జపాన్‌లో ఉంది.

మగ్గు కొన్న మర్నాడు పొద్దున్నే నేను ఇస్త్రీ చీర కట్టుకుని, ఫ్లాస్కు నిండా అల్లం టీ పట్టుకుని గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాను. ప్రొఫెసరుగారు మగ్గుని చూసి, వేలితో దాని పిడి తాకారు. తర్వాత దాని మీద ఏం రాసుందని అడిగారు. "టీ" అన్నాను, అన్నీ తెలిసినదానిలా. "చాలా పొడుగు మాట" అన్నారాయన. "మా భాష అంతేనండి" అని, మగ్గు నిండా టీ పోసి, అక్షరాలు ఆయన వైపుకి తిప్పి, రెండు చేతులతో అందించాను.