హైడ్రోజన్ బండికి నేను పెట్టిన బిరడా

నేను చేసిన ఉపకారాల్లో కొన్ని మనుషులకు పనికొచ్చాయి. ఒకటి మాత్రం ఓర్వకల్లు దారిలో బంగారంలాంటి కారును మొండికేసిన దున్నపోతులా నిలబెట్టింది. నవ్వుకోండి, పరవాలేదు. మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నేను బడి మొహం ఎరగను. నాయన బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు నేర్పాడు, అమ్మ నీళ్ల విలువ నేర్పింది. మా కరువు నేలలో చుక్క నీరు ఊరికే పోతే అమ్మకు ఆ పూట అన్నం దిగేది కాదు. బిందె కారినా, డ్రమ్ము కారినా ఆమె వైద్యం ఒకటే: పాత చీర పీలికకు నలిపిన బట్టల సబ్బు పట్టించి చిల్లులో కుక్కడం. ఆ వైద్యంలో అమ్మను మించిపోయానని నా నమ్మకం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా అన్న కొడుకు సుధాకర్ డ్రైవరు. హైడ్రోజన్ కారును మా వైపు రోడ్ల మీద పరీక్షగా తిప్పుతున్న కంపెనీలో తాత్కాలికంగా చేరాడు. ఆ రోజు ఇంజనీరు మేడమ్ పక్కన కూర్చుని అతని డ్రైవింగ్ చూస్తుంది. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకుంటే మళ్లీ డోన్‌లో ఆటోనే. మేడమ్ ఈ ప్రాంతపు టిఫిను తినాలన్నదట, నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాడు.

ఉగ్గాని వడ్డిస్తూ అడిగాను, “ఇది ఎట్ల నడుస్తాదిరా?”

“ట్యాంకులో హైడ్రోజన్ ఉంటాది అత్తా. లోపల ఫ్యూయల్ సెల్ అని ఒక పెట్టె ఉండాది. దాంట్లో హైడ్రోజనూ, బయటి గాలీ కలిసి కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటుతో మోటారు తిరుగుతాది. మంట లేదు, పొగ లేదు.”

“బ్యాటరీ కూడా ఉందండీ,” అంది మేడమ్. “ఎత్తు ఎక్కేటప్పుడు అది సాయం చేస్తుంది. బ్రేకు వేస్తే మళ్లీ కాస్త నిండుతుంది.”

“దేవునికి స్తోత్రం! మరి పొగ రాకపోతే ఎనక ఆ గొట్టం ఎందుకు?”

సుధాకర్ జవాబు చెప్పబోతుండగా పొయ్యి మీద బజ్జీలు మాడిన వాసన వచ్చింది. పరుగెత్తాను. పాఠంలో అసలైన ముక్క ఆ బజ్జీలతోనే మాడిపోయింది.

బజ్జీలు పెట్టి, వాళ్లు తింటుండగా వాకిట్లోకి వచ్చాను. చూస్తే కారు వెనక గొట్టం నుంచి నీళ్లు! బొట్టు బొట్టుగా కారి చిన్న మడుగైంది, మా కోడి దర్జాగా తాగుతోంది. కొత్త కారు, చిల్లు! మేడమ్ కంట పడితే పిల్లవాడి ఉద్యోగం గోవిందా! ‘ప్రభువా, దీన్ని ముందుగా నా కళ్లకే చూపించావు, నీకు వందనం’ అనుకుని నీలి చీర పీలిక తెచ్చి, సబ్బు దట్టంగా పట్టించి, పప్పుగుత్తితో లోపలికంటా దిగ్గొట్టాను. ఒక్క చుక్క వస్తే ఒట్టు!

చర్చి దగ్గర దింపుతామంటే నేనూ కారెక్కాను. చప్పుడు లేదు, కుదుపు లేదు. మనసులో ఇంకో స్తోత్రం చెప్పుకునేలోపే సుధాకర్ గొంతు మారింది.

“మేడమ్, ఏందో లైటు ఎలుగుతాంది.”

“ఫ్యూయల్ సెల్ ఆగిపోయింది! బ్యాటరీ మీదే పోతున్నాం. ఏసీ ఆపెయ్.”

అతను ఏసీ ఆపి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు మెల్లగా నడిపాడు. రాతిగుట్టల దగ్గర ఎత్తు మొదలవగానే బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. కారు ఆగింది. ఇద్దరూ దిగి ముందంతా వెతికారు. సుధాకర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ధైర్యం చెప్పడం నా ధర్మం కదా! “భయపడొద్దురా, దేవుడున్నాడు. ఎనక నీళ్లు కారతాంటే అది కూడా నేనే ఆపేసినా.”

సుధాకర్ వెతకడం మాని నా వైపు తిరిగాడు.

“ఏం ఆపినావత్తా?”

“చిల్లు.”

“అది చిల్లు గాదత్తా! హైడ్రోజనూ గాలీ కలిస్తే మిగిలేది నీళ్లే. ఆ నీళ్లూ, మిగిలిన గాలీ పోయే దారే అది! మనిషి ముక్కు మూసినట్ల మూసినావు గదా!”

రోడ్డు మీద బోర్లా పడుకుని పట్టకారుతో పీకాడు. నా నీలి పీలిక ఎలుక తోకలా సాగి సాగి వచ్చింది. దాని వెనకే సబ్బు నురగ, నీళ్లు బుస్సుమని అతని మొహాన కొట్టాయి. అంత తెల్లటి సుధాకర్‌ను మా వంశంలో ఎవరూ చూసి ఉండరు.

మేడమ్ కారుకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక కారును పూర్తిగా ఆఫ్ చేయించి, మళ్లీ స్టార్ట్ చేయించింది. ఫ్యూయల్ సెల్ ఊపిరి పీల్చుకుంది.

“మేడమ్, నా ఉద్యోగం...” అన్నాడు సుధాకర్, నురగ తుడుచుకుంటూ.

“లైటు చూసి కంగారుపడకుండా ఇంత దూరం తెచ్చావు. ఉద్యోగం నీదే. ఒక్క షరతు, మీ అత్తగారిని బండి వెనక వైపుకు రానివ్వొద్దు.”

నేను అక్కడే, గుట్టల సాక్షిగా చెయ్యెత్తి ప్రమాణం చేశాను: బతికుండగా ఏ బండి గొట్టంలోనూ పీలిక కుక్కను, సబ్బు చేతబట్టి కారు వెనక నిలబడను.

ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. సుధాకర్ వచ్చినప్పుడు నేను గడప దాటను, చేతులు వెనక్కి కట్టుకుని గడపలోంచే చెబుతాను:

“ఇంకొంచెం ఎనక్కి రారా... ఇంకొంచెం... ఆఁ, చాలు! గొట్టం సరిగ్గా కరివేపాకు పాదులోకి వచ్చింది.”