మొగిలమ్మ మానేసిన అన్నం

గ్రేస్‌ది హనుమకొండ. వరంగల్‌లో ఒక మెడికల్ కాలేజీ దవాఖానలో పదకొండేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తోంది. రోగులు ఏం తినాలో చెప్పడం ఆమె ఉద్యోగం. దాంతోపాటు డాక్టరు చదివే పిల్లలకు పోషకాహారం మీద పాఠం చెప్పాలి, ఏడాది మొత్తానికి ఒకే ఒక్క గంట. రక్తహీనత, గర్భిణుల తిండి, బీపీ అన్నీ ముగించి షుగర్ దగ్గరికొచ్చేసరికి టైం ఉండేది కాదు. "అన్నం మాన్పించండి, ఓట్స్, మొలకలు, బాదం చెప్పండి" అని తెర మీద బొమ్మలు చూపించి ముగించేది.

నిరుడు వానాకాలంలో వర్ధన్నపేట దగ్గరి పల్లె నుంచి మొగిలమ్మ అనే కూలీ మనిషిని స్పృహ లేకుండా తీసుకొచ్చారు. షుగర్ పూర్తిగా పడిపోయింది. ఎంత గ్లూకోజ్ ఎక్కించినా తెలివి రాలేదు. నాలుగో రోజు పొద్దున చనిపోయింది.

పది రోజుల ముందు ఓపీలో ఆమెకు షుగర్ గోలీలు ఇచ్చి పంపింది హౌస్ సర్జన్ భరత్. ఒకప్పుడు గ్రేస్ క్లాసులో ముందు వరుసలో కూర్చుని నోట్సు రాసుకున్నవాడే.

"అన్నం బంద్ పెట్టమన్నవా భరత్?"

"మీరు చెప్పిందే చెప్పిన మేడం."

అది ఎదురు మాట కాదు. అతను ఏడుస్తున్నాడు. షుగర్ డౌన్ అని రాసి కేస్ షీట్ మూసేశారు. దవాఖానలో ఇంకెవరూ ఏమీ అడగలేదు.

ఆ ఆదివారం గ్రేస్ చర్చికి పోకుండా వర్ధన్నపేట బస్సెక్కింది. మొగిలమ్మ భర్త రాజమల్లు ఇంటి ముందు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఆమె రోజూ ఏం తినేది కాకా?"

"అన్నమే బిడ్డా. పచ్చిపులుసు, ఎప్పుడన్న పప్పు. సారు అన్నం బంద్ అన్నడని ముట్టలే. చక్కెర లేని చాయ్ తాగి పత్తి చేనుకు పోయేది. గోలీలు మాత్రం ఒక్కపూట తప్పలే."

అన్నం తప్ప ఇంకేమీ లేని ఇల్లది. ఖాళీ కడుపున ఆ గోలీ వేసుకోవద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"తప్పు మాదే కాకా. ఆ పిలగానికి నేర్పింది నేనే."

రాజమల్లు గుంజను వదిలి ముందుకు జరిగాడు. "జర నిజం చెప్పు. అన్నం తింటే బతికేదా?" అన్నాడు.

"బతికేది."

అతను లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

పాఠానికి ఇంకో నాలుగు గంటలు ఇవ్వమని గ్రేస్ ప్రిన్సిపాల్‌ను అడిగింది. సిలబస్‌లో చోటు లేదన్నాడు. ఈ ఏడు ఆ ఒక్క గంటలో ఆమె బొమ్మలేవీ చూపించలేదు. మొగిలమ్మకు ఏం జరిగిందో మొత్తం చెప్పింది. ఏదైనా మానమనే ముందు ఇంట్లో ఏముందో అడగమంది.

"ఇది ఎగ్జామ్‌ల వస్తదా మేడం?" వెనక నుంచి ఒక విద్యార్థి అడిగాడు.

"రాదు."

కొందరు పుస్తకాలు మూశారు. గ్రేస్ ముందు వరుసలోని ఒక అమ్మాయిని లేపింది. "నేను షుగర్ పేషెంట్‌ను. నన్ను అడుగు."

"రోజుకు ఎన్ని కప్పుల రైస్ తింటరు?"

"మా ఇంట్ల కప్పు లేదు బిడ్డా," అంది గ్రేస్. "మళ్లీ అడుగు."