కొబ్బరిపీచు తాత లేచిన రోజు

మా మావయ్య పోయారని ఫోనొచ్చినప్పుడు నేను అమలాపురం బస్టాండులో ఉన్నాను. ఎక్కిన బస్సు దిగేసి, ఊరి బస్సెక్కి, సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లాను. చిన్నప్పట్నుంచీ నాకు కుదురు తక్కువ. టెన్త్ కూడా అందుకే మధ్యలో వదిలేశాను. నన్ను ఒకచోట కూర్చోబెట్టగలిగిన మనిషి ఆయనొక్కరే.

పోనీ ఆయనైనా ఒక పని దగ్గర ఉన్నారా అంటే, అదీ లేదు. పరిషత్తులకి నాటకాలు రాశారు. వారపత్రికలకి కథలు రాశారు. హైదరాబాదులో కార్టూన్లు తీసే కంపెనీలో కొన్నేళ్లు బొమ్మలు గీశారు. అది మూతపడ్డాక ఇంటికొచ్చి, "సొంత సినిమా తీస్తానే" అన్నారు అత్తయ్యతో.

"హీరో ఎవరండీ?" అందావిడ.

పెరట్లోంచి గుప్పెడు కొబ్బరిపీచు తెచ్చి చూపించారు.

ఆ పీచుతో ఒక తాతని చేశారు. బొమ్మని వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకో ఫొటో. అన్నీ వరసగా తిప్పితే తాత నడుస్తాడు. మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గారు తన కొబ్బరి కొట్టులో ఓ మూల మాకిచ్చారు. బొమ్మలు పెట్టిన చెక్క పాతది, వంగిపోయింది. దాని చివర మేమిద్దరం బరువుకి కూర్చుంటేనే నిలకడగా ఉండేది. మావయ్య కదిపేవారు, నేను కెమెరా నొక్కేవాణ్ణి.

ఒకరోజు ఆయనకి చదువు చెప్పిన మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. "నమస్కారమండీ" అంటూ మావయ్య చటుక్కున లేచారు. చెక్క ఎగిరింది. పొద్దుటినుంచి చేసిందంతా పోయింది. మాస్టారు వెళ్లేదాకా నవ్వుతూనే ఉండి, తర్వాత నెత్తి మీద మొట్టుకున్నారు. "ఇక దేవుడొచ్చినా లేవకూడదురా. కూర్చోవడం కూడా పనే."

ఆఖరి షాటులో వరదనీళ్లు అరుగెక్కుతుంటే దాని మీద కూర్చున్న తాత లేవాలి. సగం లేచాడు. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు గారు వచ్చారు, వెనకాల తన మనుషులతో. ఆయన ఎదుట కూర్చున్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఆయన పొమ్మంటే కొట్టూ పోతుంది, సినిమా పోతుంది. నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. మావయ్య నా తొడ మీద చెయ్యేసి నొక్కేశారు.

"ఏవయ్యోయ్, మా కొట్లో మాకే మర్యాద లేదేంటి?"

"రచయిత గారికి నడుం పట్టేసిందేమోనండీ" అన్నాడు వెనకాల ఒకడు. మిగతావాళ్లు నవ్వారు.

"క్షమించాలండీ" అన్నారు మావయ్య, తల తిప్పకుండా. "ఇప్పుడు మేం లేస్తే ఆ పెద్దాయన పడిపోతాడండీ."

నవ్వులు ఆగిపోయాయి. మావయ్య తాత మోకాలు పట్టుకున్నారు. కదిపారు. నొక్కాను. మళ్లీ కదిపారు. నొక్కాను. ఎప్పుడు విడిచారో చెప్పులు విడిచి, ప్రెసిడెంటు గారు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నారు. తాత నిటారుగా నిలబడ్డాక తల ఊపారు.

"మీరు లేవకపోయినా మీ తాత లేచేడు కదండీ. ఆయ్, అది చాలు."

ఇవాళ పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసుకుని బతుకుతున్నానంటే ఆ చెక్క మీద కూర్చున్నందుకే.

నేను వెళ్లేసరికి మావయ్యని వసారాలో పడుకోబెట్టారు. కాసేపటికి ప్రెసిడెంటు గారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. అందరం లేవబోయాం. ఆయన చెయ్యి అడ్డంపెట్టారు.

"కూర్చోండి బాబూ. ఎవరూ లేవకండి."

చెప్పులు విడిచి, గుమ్మానికి ఆనుకుని ఆయనొక్కరే నిలబడ్డారు. లోపల కిటికీలో కొబ్బరిపీచు తాత కూడా నిలబడే ఉన్నాడు.