గోడ అడుగున నీలి పట్టీ

ఫెలిజ్మినాకి కోపం ఎక్కువ. ఆ మాట ఊళ్ళో ఎవరో అనక్కర్లేదు, ఆమే చెప్పుకునేది. నలభై నాలుగేళ్ళు ఇళ్ళకు సున్నం కొట్టిన మనిషి. మా వీధిలో ఆమె కుంచె తగలని గోడ లేదు, ఆమె నోట పడని ఇంటాయనా లేడు. సున్నం కొట్టించుకోవాలంటే ముందు తిట్లు తినాలి.

"పెంకు జారి ఎన్నాళ్ళయిందయ్యా? నెత్తిమీద పడితేగానీ తలెత్తి చూడవా?"

"గోడకానించి ఆ పూలకుండీలేమిటమ్మా? నీళ్ళు పోస్తున్నది మొక్కకా, పునాదికా?"

ఇలా ఓ అరగంట దులిపితేగానీ నిచ్చెన వేసేది కాదు. అయినా ఈస్టరు దగ్గరపడిందంటే అందరూ ఆమె గుమ్మం ముందే. సున్నపురాయిని నెలల తరబడి తొట్టిలో నానబెట్టి, కాస్త కొవ్వు కరిగించి కలిపి, పల్చగా మూడు పూతలు కొట్టేది. ఊరి వాడుక ప్రకారం గోడ అడుగున మోకాలెత్తు దాకా నీలిమందు కలిపిన సున్నంతో పట్టీ వేసేది. దట్టంగా ఒక్క పూత పులిమేసి చేతులు దులుపుకునేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళు మంట.

పోర్చుగల్ దక్షిణాన మా అలెంతేజులో పాత ఇళ్ళన్నీ మట్టిగోడలే. రెండు చెక్కల మధ్య మట్టి పోసి, దిమ్మిసలతో కొట్టి కొట్టి లేపిన మూరెడు మందం గోడలు. నేలలోని చెమ్మ వాటిలోకి ఎక్కుతుంది, సున్నంలోంచి బయటికి పోతుంది. తాతల నాటి నుంచీ నడుస్తున్న సంగతే ఇది. "గోడ ఊపిరి పీలుస్తుందర్రా, దాని ముక్కు మూయకండి" అని ఫెలిజ్మినా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది. వినేవాళ్ళు విన్నారు. మిగతావాళ్ళు సిమెంటు కొట్టించి, పైన ప్లాస్టిక్ రంగు వేయించి, నాలుగేళ్ళకి గోడ పొక్కులు పోస్తుంటే మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చి తిట్లు తిన్నారు.

ఇల్లు కొనేవాళ్ళు కూడా ఆమెనే వెంట తీసుకెళ్ళేవాళ్ళు. "ఇల్లు చూడ్డానికి ఆగస్టులో పోతావేం, బుద్ధి లేదా? ఆగస్టులో బాతుల చెరువు కూడా ఎండిపోయి ఉంటుంది. ఫిబ్రవరిలో పో, వాన వెలిసిన మర్నాడు. బీరువా జరిపించి దాని వెనక చెయ్యి పెట్టి చూడు. కొత్తగా సున్నం కొట్టిన గోడ ఒక్కటే ఉంటే, ఆ గోడనే అనుమానించు. అమ్మేవాడు నవ్వుతూ కాఫీ ఇస్తే తాగు, కానీ గోడమీంచి కళ్ళు తీయకు." ఇదీ ఆమె చెప్పే పాఠం. ఆమె వద్దంటే కొనకుండా వెనక్కి వచ్చినవాళ్ళున్నారు, అమ్మలేకపోయి ఆమెను శాపనార్థాలు పెట్టినవాళ్ళూ ఉన్నారు.

ఇంత చెప్పే మనిషి కన్నతల్లి ఇంటి గోడే సిమెంటు పాలయింది. ఆ పని చేసింది సొంత తమ్ముడు అల్బానో.

తల్లి పోయి పన్నెండేళ్ళు. ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరి పేరా ఉంది, కాపురం ఉన్నది తమ్ముడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక సోమవారం ఫెలిజ్మినా పక్క ఊళ్ళో పనికి వెళ్ళి గురువారం తిరిగొచ్చేసరికి, వీధివైపు గోడ అడుగు నుంచి చూరు దాకా బూడిదరంగు సిమెంటుతో నున్నగా మెరుస్తోంది. అరికాలి మంట నెత్తికెక్కింది. నిచ్చెన నడివీధిలో పడేసి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి, ఊరంతా వినేలా కడిగేసింది. అతను నోట్లో నాలుక లేనివాడు. చేతిలో టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ మౌనం ఆమెను ఇంకా మండించింది. ఆ రోజు నుంచి క్రిస్మస్‌కి తిట్టింది, ఈస్టరుకి తిట్టింది, మేనకోడలి పెళ్ళిలో మాంసం వడ్డిస్తున్నప్పుడు కూడా తిట్టింది. "అమ్మ గోడని చంపినవాడు" అనేదే తప్ప, అతన్ని పేరుతో పిలవడం మానేసింది.

రెండేళ్ళ కిందట అల్బానో భార్యకి ఉబ్బసం ముదిరి, వాళ్ళు ఊరి చివర కొత్త కట్టడంలోకి మారిపోయారు. ఇంటికి తాళం పడింది. ఈ మార్చి నెలలో ఒక బుధవారం అతను ఫెలిజ్మినా వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆమె వెల్లుల్లి, కొత్తిమీర దంచి రొట్టె పులుసు కాచుకుంటోంది.

"ఇల్లు అమ్ముదామనుకుంటున్నానక్కా. రొట్టెల బండి నడిపే ఇరియా లేదూ, ఆ అమ్మాయి కొంటానంటోంది. శనివారం వస్తుంది."

"మంచిదే. నా సంతకం కావాలి కదా, అందుకొచ్చావా?"

"సంతకం తర్వాత. ముందు వీధి గోడకి నువ్వు కాస్త సున్నం కొట్టాలి. పొక్కులు బాగా కనిపిస్తున్నాయి."

ఫెలిజ్మినా రోకలి కింద పెట్టింది. "ఆ నున్నటి సిమెంటు మీద సున్నం నిలుస్తుందట్రా? పది రోజుల్లో పొట్టు పొట్టుగా రాలుతుంది."

"శనివారం దాకా నిలిస్తే చాలక్కా."

ఇరియాకి ఆరేళ్ళ కూతురుంది. మొగుడు లేడు. తెల్లవారకుండానే లేచి నాలుగు ఊళ్ళకి రొట్టెలు చేరవేసి కూడబెట్టుకున్న డబ్బుతో ఇల్లు కొనుక్కుంటోంది. ఆ పిల్ల వచ్చి ఆ గోడ పక్కనే పడుకుంటుంది.

"మసిపూసి మారేడుకాయ చెయ్యడానికి నా కుంచే దొరికిందా నీకు? నలభై నాలుగేళ్ళుగా ఎవడి మోసానికీ వాడని కుంచె! గోడని చంపింది చాలక శవానికి ముస్తాబు చెయ్యమంటావా? సిగ్గు లేదూ?"

"పైపైన కొట్టక్కా. అడుగు మాత్రం కదపకు. అంతే నేనడిగేది" అన్నాడు అల్బానో నేలచూపులు చూస్తూ.

"పో అవతలికి!"

అతను వెళ్ళాడు. పులుసు చల్లారిపోయింది, ఆమె తినలేదు. మూడు రోజులూ కోపంతో ఉడికిపోతూనే ఉంది. శనివారం పొద్దున కుంచె తీయలేదు. సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని బయల్దేరింది.

రాత్రంతా వాన కురిసి అప్పుడే వెలిసింది. ఇరియా అప్పటికే లోపల ఉంది. చేతిలో కొలతల టేపు, వీధివైపు గదిలో కూతురి మంచం ఎక్కడ పడుతుందో కొలుచుకుంటోంది. అల్బానో గుమ్మం దగ్గర నవ్వబోయి, అక్క చేతిలో సంచి చూసి ఆగిపోయాడు.

"అమ్మాయీ, ఆ టేపు మడిచి బయటికి రా" అని పిలిచింది ఫెలిజ్మినా. "కొనేముందు ఇంటి కడుపులో ఏముందో చూసి కొనుక్కో."

"అక్కా, వద్దు. నీకు దండం పెడతాను, ఆ అడుగు జోలికి పోకు."

"దండాలు తర్వాత పెడుదువుగానీ. పక్కకి జరుగు."

మొదటి దెబ్బకే సిమెంటు బోలుగా మోగింది. చప్పుడుకి ఎదురింటి తలుపు తెరుచుకుంది, దాని పక్కదీ తెరుచుకుంది. వీళ్ళందరి గోడలూ ఆమె సున్నం కొట్టినవే. కొట్టే ప్రతి దెబ్బకీ ఒక తిట్టు తగిలిస్తూ ఆమె నడుమెత్తు నుంచి మొదలుపెట్టింది. సిమెంటు పలక పలకగా ఊడి వీధిలో పడింది. వెనక మట్టి తడిగా, నల్లగా ఉంది. ఉలితో పొడిచి చూసింది. గట్టిగానే ఉంది. చెమట పట్టిన గోడే గానీ చచ్చిన గోడ కాదు.

ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఇంకాస్త కిందికి కొట్టింది. మోకాలెత్తు దగ్గర సిమెంటు ఊడేసరికి లోపలి నుంచి నీలం రంగు కనబడింది. సున్నంలో నీలిమందు కలిపి వేసే పట్టీ అయితే పొడిగా రాలాలి. ఇది రాల్లేదు. సాగుతూ, మెరుస్తూ, తోలులా ఊడి వచ్చింది. దాని వెనక గోడే లేదు. ఉన్నదంతా జావ. ఫెలిజ్మినా చెయ్యి మణికట్టు దాకా లోపలికి దిగిపోయింది.

ఇరియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యబాబోయ్! మంచం ఇక్కడికే కదా వేద్దామనుకున్నాను! ఇదెవరు చేశారు?"

"నేనేనమ్మా" అన్నాడు అల్బానో వెంటనే. "తొమ్మిదేళ్ళ కిందట సిమెంటు కొట్టించాను. తప్పు నాదే."

ఎదురింటావిడ తల పంకించింది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. ఇన్నేళ్ళూ ఫెలిజ్మినా చెప్పిందే.

ఫెలిజ్మినా మాత్రం చేతిలోని నీలం రేకును చూస్తూ ఉండిపోయింది. అది నూనె రంగు. పదిహేనేళ్ళ నాటి సంగతి. తల్లి నల్ల గౌను అంచుకి నీలిమందు అంటుకుంటోందని రోజూ సణిగేది. ఏటేటా పట్టీ కొత్తగా వెయ్యమని పోరేది. ఫెలిజ్మినాకేమో ఆ వసంతంలో ఊపిరాడని పని. పదిహేడు ఇళ్ళు ఒప్పుకుంది. ఊరందరికీ మూడేసి పూతలు కొట్టే మనిషి, కన్నతల్లి ఇంటికి మాత్రం ఇనుప సామాన్ల కొట్లో ఒక నీలం నూనె రంగు డబ్బా కొని, ఒక్క మధ్యాహ్నంలో గోడ అడుగంతా పులిమేసింది. పదేళ్ళు మళ్ళీ చూసుకోనక్కర్లేదు పొమ్మంది. ఆ డబ్బా సంగతి ఆమె మరచిపోలేదు. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. ఆ రేకు జేబులో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. తమ్ముడు ఒప్పేసుకున్నాడు, వీధి నమ్మేసింది.

"నోర్ముయ్యిరా!" అని అరిచింది. "నువ్వు కాదు. నీ సిమెంటు కింద గోడ ఇంకా బతికే ఉంది. కుళ్ళిందల్లా ఈ పట్టీ వెనకే. ఇది నూనె రంగు. వేసింది నేను. అందరూ వినండర్రా, ఈ ఫెలిజ్మినా వేసింది! మీ ఇళ్ళకి ముక్కు మూయకండని చెప్పి, మా అమ్మ ఇంటి ముక్కు నేనే మూశాను!"

ఆమె ఎర్రబడ్డ మొహంతో తమ్ముడివైపు తిరిగింది. తిట్టడానికి కాదు. ముందు అతనే నోరు విప్పాడు.

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"అప్పుడే తెలుసు. అడుగున మట్టి రాలుతోందని మేస్త్రీని పిలిచాను. నూనె రంగు వెనక కుళ్ళిందని చెప్పాడు. ఇది మీ అక్క పనే కదా అని నవ్వాడు. ఆ మాట ఊళ్ళోకి పోతే నిన్ను మళ్ళీ ఎవరు పిలుస్తారు? అప్పటికి బావ కూడా మంచాన ఉన్నాడు, నీ కుంచెమీదే మీ ఇల్లు గడిచేది. అందుకని పైనుంచి కిందిదాకా సిమెంటు కొట్టెయ్యమన్నాను."

ఫెలిజ్మినా చేతిలోంచి ఉలి జారి రాళ్ళమీద పడింది. తొమ్మిదేళ్ళు. ఎన్ని క్రిస్మస్‌లు, ఎన్ని ఈస్టర్లు! పెళ్ళిలో పదిమంది ముందు తిట్టినప్పుడు కూడా ఈ పిచ్చివాడు పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. సిగ్గూ ప్రేమా ఒక్కసారే తన్నుకొచ్చాయి. కానీ బయటికి వచ్చేసరికి అవీ కోపమే అయ్యాయి.

"నా పేరు కాపాడావా? నా పేరు కాపాడి గోడని కుళ్ళబెట్టావట్రా? ఆ రోజే నా జుట్టు పట్టుకుని గోడ ముందు నిలబెట్టి ఉంటే, ఒక్క వేసవిలో బాగుచేసేదాన్ని కాదూ? తొమ్మిదేళ్ళు నాచేత తిట్టించుకుని, ఇప్పుడు దీన్ని పసిపిల్ల తల పక్కకి చేరుద్దామనుకున్నావా? నిన్ను... నిన్నేం చెయ్యాలిరా అల్బానో?"

తొమ్మిదేళ్ళ తర్వాత అతని పేరు ఆమె నోట వచ్చింది. అతను టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "పిల్ల సంగతి నేను ఆలోచించలేదక్కా. అది మాత్రం నా తప్పే" అన్నాడు.

"అవును, నీదే. ఆ వాటా నేను తీసుకోను" అంది ఫెలిజ్మినా.

ఇరియా టేపు చుట్టి జేబులో వేసుకుంది. వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. ఆమె గోడ దగ్గరికి వచ్చి వంగి, తను కూడా ఆ జావలో వేళ్ళు పెట్టి చూసింది.

"దీన్ని బాగుచెయ్యగలరా పెద్దమ్మా? నిజం చెప్పండి."

"చెయ్యగలను. కప్పుకి కింద దుంగలు నిలబెట్టి, ఒక్కో మూర చొప్పున కుళ్ళిందంతా తీసి, రాయీ సున్నం పెట్టి కట్టుకుంటూ పోవాలి. సిమెంటంతా ఊడగొట్టాలి. ఒక వేసవంతా గోడని బట్టలు విప్పి వదిలేస్తే ఆరుతుంది. అప్పటిదాకా నా సంతకం పడదు. వీడు అమ్ముతానన్నా నువ్వు కొనకు."

"అయితే సెప్టెంబరులో రమ్మంటారా?"

"సెప్టెంబరులో ఏ గోడైనా పొడిగానే ఉంటుంది, వెర్రిదానా!"

ఇరియా కొంచెం నవ్వింది. "సరే, ఫిబ్రవరిలో వస్తాను. వాన వెలిసిన మర్నాడు."

"రా. వచ్చి నీ చెయ్యి పెట్టి చూసుకో" అంది ఫెలిజ్మినా, వంగి ఉలి ఏరుకుంటూ. "మా ఇద్దరిలో ఎవరి మాటా నమ్మకు."