పెచ్చులమ్మ వేసిన రంగు

మా వదిన ఒబ్దూలియాకు పెచ్చులమ్మ అని పేరు పెట్టిన పాపిష్టి నోరు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. మొత్తం విన్నాక ఎలాగూ మీరు నన్ను తిడతారు.

పోయినేడు, శాంతోలో అని మా ఊళ్ళో చేసే పండగలో జరిగిందది. చచ్చిపోయినవాళ్ళు తిరిగి ఇళ్ళకు వచ్చే రోజులు కదా, మగాళ్ళం మాస్కులు తగిలించుకుని, ఫిడేలు ముందు నడుస్తుంటే ఇంటింటికీ తిరిగి ఆడతాం. చావు కూడా ఆ గుంపులో ఎక్కడో ఉంటుంది. మన మొహం కనిపించిందంటే గుర్తు పెట్టుకుపోతుంది. అందుకే నెలాఖరున ముసుగు తీసే రోజు దాకా ఎవడూ వట్టి మొహంతో ఆడడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక్కొక్కడి మాస్కునీ వాడి తరఫు ఆడమనిషి ఊరందరి ముందూ పట్టి లాగేస్తుంది.

నాది ముసలాడి వేషం. మాస్కు చేసింది వదిన. అచ్చులో రబ్బరు పాలు పోసి ముఖాలు చేయడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని, మా వేషగాళ్ళందరికీ ఆమే దిక్కు. తీరా లాగితే ఏముంది! నుదుటి మీద రంగంతా పగిలిపోయింది, గడ్డం దగ్గరిది ఊడొచ్చి చెమటకు నా మొహానికే అతుక్కుంది. జనం ఘొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇది ముసలాడి మొహమా, పాత గోడా? వెళ్ళి సున్నం కొట్టుకో, పెచ్చులమ్మా!" అని అరిచాను.

ఇక చూడండి, పిండిమర దగ్గర పెచ్చులమ్మ, చర్చి మెట్ల మీద పెచ్చులమ్మ. నాలుగేళ్ళ పిల్లలు కూడా అదే పేరు. మా జట్టు పెద్ద క్రిసోఫొరో ఆమె గుమ్మంలోకి వచ్చి మరీ చెప్పాడు. "చూడమ్మా ఒబ్దూలియా, ఇంకొక్క ఏడాదే చూస్తా. ముసలాడి మొహం మీద ఒక్క పెచ్చు లేచినా, పై ఏటి నుంచి పట్నం మాస్కులే తెప్పిస్తా. ఆ తర్వాత నన్ననుకుని లాభం లేదు."

వదిన ఏడవలేదు. నాకు ఒక్క మాటా బదులు చెప్పలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. తిట్టొచ్చు కదా!

ఏడాదంతా మా పక్కనే ఉన్న వదిన పెరట్లో ఏం రభస, ఏం రభస! రబ్బరు పాల ఘాటుకు నా కళ్ళు మండేవి, అయినా రోజూ గోడ మీంచి తొంగిచూసేవాణ్ణి. అచ్చులోంచి తీసిన ముఖాన్ని సబ్బునీళ్ళతో రుద్ది రుద్ది కడిగేది. అచ్చుకు అంటకుండా చల్లిన పౌడరు రవ్వంత మిగిలినా రంగు పట్టదట. డబ్బా రంగును అవతల పారేసి, రంగుపొడిని తడిపి మెత్తగా నూరి, రబ్బరు పాలలోనే కలిపేసింది.

"అదేంటొదినా, రంగులో రంగు కలపాలి గానీ పాలల్లో కలుపుతావా?" అన్నాను.

"చర్మం సాగితే రంగూ సాగాలి. రెండూ ఒకటే అయితే ఇంక విడిపోయేదేముంది? నువ్వు నీ పని చూసుకో మరిదీ."

మొదటి ముఖం చూసి పడీపడీ నవ్వాను. తడిగా ఉన్నప్పుడు చక్కని గోధుమ రంగు, ఆరేసరికి మాడిన రొట్టె! పాల తెలుపు ఆరాక పోతుంది కాబట్టి రంగు ముదిరిపోతుందన్నమాట. రెండోది లేతగా కలిపింది, మూడోది ఇంకా లేతగా. స్పాంజి ముక్కతో పల్చగా అద్దడం, ఆరనివ్వడం, మళ్ళీ అద్దడం. ఐదో ముఖానికి కుదిరింది! ముసలాడి బుగ్గల మీద ఎరుపు, కళ్ళ కింద నీలినీడ, అచ్చం మా తాతే. పైన పౌడరు అద్ది, దాన్ని మడిచి, పీట మీద పెట్టి, దాని మీద తను కూర్చుని చిక్కుళ్ళు ఒలిచింది! లేచి విదిలిస్తే గీత కూడా పడలేదు. ఆనందం పట్టలేక గోడ మీంచి జారి వాళ్ళ పెరట్లోనే పడ్డాను.

మాస్కు చేతికిచ్చే ముందు ఒక్కటే షరతు పెట్టింది. "తినేటప్పుడు మాస్కు నువ్వు ముట్టుకోకూడదు. తొమాసా ఎత్తుతుంది, తొమాసానే పెడుతుంది." తొమాసా నా భార్య.

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

"అంతకంటే అన్యాయం."

ఇంటింటా సకావిల్ పెడతారు కదా, అరటాకుల్లో చుట్టి, పంది కొవ్వు కారుతూ, రాత్రంతా పొయ్యిలో మగ్గిన మొక్కజొన్న ముద్ద! దాన్ని చేత్తో తినకుండా ఉండటమంటే చావే. నెల రోజులు తొమాసా ఒక చేత్తో మాస్కు గడ్డం పైకెత్తి, ఇంకో చేతి చెంచాతో కుక్కింది. జనం ఊరుకుంటారా? "నికనోర్ బాబుకి పళ్ళొచ్చాయా?" అని అడిగేవాళ్ళు. వదిన మీద పీకలదాకా కోపం. అయినా ముట్టుకోలేదు.

ముసుగు తీసే రోజు వచ్చింది. ఎండ మండిపోతోంది, ఫిడేలు హోరెత్తిపోతోంది. నా ఆట అయ్యాక వదినే వచ్చి నా ఎదురుగా నిలబడింది. గడ్డం కింద వేళ్ళు దూర్చి లాగింది. మామూలుగా కాదు, మూరెడు సాగేదాకా! ముసలాడి నోరు నా చెవిదాకా వచ్చింది. టప్పున ఊడింది. క్రిసోఫొరో దాన్ని లాక్కుని తిరగేశాడు, మెలిపెట్టాడు, గోటితో గీకాడు. నా మొహం వైపు చూశాడు. చెమట తప్ప ఏమీ లేదు.

"ఒక్క పెచ్చు లేదురోయ్!" అని కేక పెట్టాడు. అబ్బ, ఆ ఈలలు, ఆ గోల! నేనూ గంతులేశాను.

అప్పుడు వదిన ఏప్రాను జేబులోంచి ఒక ముక్క తీసింది. పోయినేటి ముసలాడి గడ్డం. రంగు లేచిన చోట రబ్బరు ఉబ్బి, జిడ్డుగా, వేలు నొక్కినట్టు గుంట పడి ఉంది. నా చెయ్యి పట్టుకుని బొటనవేలిని ఆ గుంటలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"నుదురు పగిలింది నా తప్పు. నాకు రంగు కలపడం రాలేదు. గడ్డం మాత్రం, తింటూ జిడ్డువేళ్ళతో మాస్కు ఎత్తావే, నీ సకావిల్ కొవ్వు తినేసింది, మరిదీ" అంది, నాకు మాత్రమే వినిపించేలా.

"నీకు ముందే తెలుసా?"

"ఆ రోజే తెలుసు."

"మరి ఏడాదంతా నోరు మూసుకున్నావేంటొదినా!"

"నా రంగు నిలబడి చూపించకుండా ఆ మాటంటే ఎవరు నమ్ముతారు?"

ఆ గడ్డం ముక్కను పైకెత్తి పట్టుకుని, ఊరంతా వినేలా అరిచాను. "వినండ్రోయ్! పోయినేడు దీన్ని పాడుచేసింది ఈ వేలే! ఇవాళ్టి నుంచి ఈవిడ ఒబ్దూలియా. నా పేరు జిడ్డువేళ్ళ నికనోర్!"

ఇప్పుడు పిండిమర దగ్గర నన్ను అలాగే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ పలుకుతున్నాను.